పగలు నాలుగు గంటల వేళ

మా యవ్వనస్తుల కూడిక ఆదివారం సాయంత్రం నాలుగింటికి. గుంటూరులో మిర్చి యార్డు వైపు వెళ్లే దారిలో రేకులు కప్పిన చిన్న మందిరం మాది. పొద్దున ఆరాధనకు పరిచిన చాపలే సాయంత్రం మాకూ. ఇరవై మంది వస్తే నిండిపోతుంది. ఇన్నేళ్లుగా నాలుగింటికే కూడుకుంటున్నాం గానీ, బైబిల్లో ఆ వేళ ఒకచోట రాసి ఉందని ఈమధ్యే నా మనసుకు తగిలింది.

యోహాను సువార్త మొదటి అధ్యాయం. బాప్తిస్మమిచ్చు యోహాను (సువార్త రాసిన యోహాను వేరు) దగ్గరున్న శిష్యులిద్దరు యేసు ప్రభువు వెంట నడుస్తారు. ఆయన వెనక్కి తిరిగి, "మీరేమి వెదకుచున్నారు" అని అడుగుతారు. వాళ్లకు వెంటనే ఏం చెప్పాలో తోచినట్టు లేదు. నీవు ఎక్కడ కాపురమున్నావు అంటారు. "వచ్చి చూడుడి" అన్నారు ప్రభువు. వాళ్లు వెళ్లారు, ఆయన ఉన్న చోటు చూశారు, ఆ రోజు ఆయన దగ్గరే ఉండిపోయారు. "అప్పుడు పగలు రమారమి నాలుగు గంటల వేళ ఆయెను" అంటుంది 39వ వచనం. గ్రీకులో ఉన్నది పదవ గంట అని. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కేస్తే మన నాలుగు.

ఆ పూట ఏం బోధ జరిగిందో సువార్తలో లేదు. ఏం తిన్నారో లేదు. వేళ మాత్రం ఉంది. మనల్ని మనసారా రమ్మన్న ఇంటికి మొదటిసారి ఎప్పుడెళ్లామో ఎన్నేళ్లయినా మర్చిపోలేం కదా!

పోయిన వానాకాలం మా దగ్గరికీ ఇద్దరొచ్చారు. ఇంటర్ చదివే అబ్బాయిలు, హాస్టల్ నుంచి ఔటింగ్‌కి వచ్చినవాళ్లు. మా కుర్రాడు కీబోర్డు బాగా వాయిస్తాడని విని, చూద్దామని వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త పిల్లలు వచ్చారన్న సంతోషంలో నేను రిజిస్టరు పట్టుకుని ఎదురెళ్లాను. పేరు, ఫోన్ నంబరు, "ఏ సంఘం బాబూ?", "రక్షణ పొందారా?" అన్నీ గుమ్మంలోనే అడిగేశాను. తర్వాత ముందుకు పిలిచి పరిచయం చేసి, ఒక పాట పాడమన్నాం. వాళ్లకు పాటలు రావు. ఒక పిల్లాడు "ప్రైజ్ ది లార్డ్" అనబోయి తడబడితే వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు వాక్యం పాత నిబంధన చివర్లో ఉండే చిన్న పుస్తకం జెఫన్యాలోంచి. అందరి చేతుల్లో పేజీలు గబగబా తిరుగుతున్నాయి. వాళ్లకిచ్చిన బైబిలు మాత్రం మొదటి పుస్తకం ఆదికాండం దగ్గరే తెరుచుకుని ఉంది. పక్కన కూర్చున్న ఒక్కరికీ వేలు పెట్టి చూపించాలని తోచలేదు. నాకూ తోచలేదు.

టీ తాగకుండానే వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. లోకం వాళ్లను లాగేసిందని రెండు వారాలు ప్రార్థనలో పెట్టుకున్నాం. మూడో వారం ఆ వచనం చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు అంద్రెయ. రెండో అతని పేరే సువార్తలో లేదు. పేరు కూడా రాయని మనిషికి ఆయన ఒక పూటంతా ఇచ్చారు. నేను పేర్లు రాసుకున్నాను, పూట ఇవ్వలేదు.

ఈ వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో వాళ్లమ్మకు తోడుగా మిర్చి తొడిమలు తీయడానికి వెళ్తోంది. పని చేసిన బట్టలతోనే వచ్చి గుమ్మం పక్కన చాప అంచున కూర్చుంది. చున్నీ నిండా మిరప ఘాటు. పక్కన ఇద్దరు పిల్లలు తుమ్మి కాస్త జరిగారు. అది చూసి ఆ పిల్ల ఇంకొంచెం గుమ్మం వైపు జరిగింది. చేతులు చున్నీ కింద దాచుకుంది.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. పిల్లలంతా అమ్మమ్మా అంటారు. టీ కాయడానికి వచ్చిన ఆవిడ గిన్నె దించేసి, తిన్నగా వెళ్లి ఆ పిల్ల పక్కన చతికిలబడ్డారు. "చేతులు మండుతున్నాయా తల్లీ? నేనూ తొడిమలు తీసినదాన్నే. ఊరికే నీళ్లతో కడిగితే పోదు" అని, ఎదురింటి నుంచి కొబ్బరినూనె తెప్పించి వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ నెమ్మదిగా రాశారు. ఏ ఊరని అడగలేదు, ఏ దేవుణ్ణి మొక్కుతావని అడగలేదు. కూడిక అయ్యేదాకా ఆ పిల్ల నూనె చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. బైబిలు పట్టుకోలేదు కదా, ఇందాక జరిగిన పిల్లల్లో ఒకమ్మాయే దగ్గరికొచ్చి తన బైబిలు ఆమె ముందు తెరిచి, వచనం కింద వేలు పెట్టి చదువుతూ కూర్చుంది. నేను వాక్యం చెబుతున్నానే గానీ కళ్లన్నీ అటే.

ఆ సాయంత్రం అమ్మమ్మా నేనూ ఆ పిల్లను ఇంటిదాకా దింపాం. వాళ్లది క్రైస్తవ కుటుంబం కాదు. మేమెవరమో, మందిరంలో ఏం చేస్తామో, ఎన్నింటికి అయిపోతుందో వాళ్లమ్మకు చెప్పి, "మీకు ఇష్టమైతేనే పంపండమ్మా" అన్నాం. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ఇంట్లో తెలియకుండా, ట్యూషన్ అని చెప్పి కూడికకు వచ్చే అలవాటు మనం పిల్లలకు చేయకూడదు. వచ్చి చూడుడి అన్న మాట తల్లికీ వర్తిస్తుంది. ఆవిడ తర్వాతి ఆదివారం వచ్చారు కూడా. వెనక అరగంట కూర్చుని, అంతా చూసి, "ఆరున్నరకల్లా పంపేయండి" అని వెళ్లారు. ఆరున్నర దాటనివ్వడం లేదు.

గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చారని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. అప్పుడు ఇక్కడ సువార్త విన్నవాళ్లలో ఎంతమందికి కీర్తనలు వచ్చి ఉంటాయి? మా ఇంట్లో మొదట మందిరం మెట్లెక్కింది మా నాయనమ్మ వాళ్ల నాన్న. ఆయనకు అక్షరం రాదట. పక్కనెవరో కూర్చోబట్టే కదా ఈరోజు నా చేతిలో ఈ గ్రంథం ఉంది.

ఇప్పుడు కొత్త పిల్లలు వస్తే ముందుకు పిలవడం లేదు. పక్కన ఒకరు కూర్చుంటారు, అంతే. పాత నిబంధన తీయమంటే పేజీ నంబరు కూడా చెబుతున్నాను. ఆ 39వ వచనంలోని "బసచేసిరి" లాంటి పాత మాటకు అర్థం ఏంటని ఎవరైనా అడిగితే ఆగి చెబుతున్నాను.

మొన్న ఆ అమ్మాయే అడిగింది. "అక్కా, ఆ రెండో ఆయన పేరు ఎందుకు రాయలేదు?" ఆ సువార్త రాసిన యోహానే అయ్యుంటాడని చాలామంది అనుకుంటారమ్మా అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అందుకే టైమ్ గుర్తుంది ఆయనకి" అంది.

పాత రిజిస్టరు నా సంచిలోనే ఉంది. ఆ ఇద్దరు అబ్బాయిల పేర్లు నా చేతిరాతతో అలాగే ఉన్నాయి. ప్రతి ఆదివారం నాలుగవడానికి ముందు ఆ పేజీ తీసి, ఇద్దరి పేర్లూ పలికి ప్రార్థన చేసి, అప్పుడు మందిరం తలుపు తీస్తున్నాను.