వేగస్ నాడిలో వేగం లేదు

డీఎస్సీలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు చదివేటప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించిన పాఠం నాడీ వ్యవస్థ. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు అని అంకెలు గడగడా అప్పజెప్పేదాన్ని. అయినా ఒక మాదిరి పరీక్షలో ఈ పాఠం నుంచి వచ్చిన ఐదు బిట్లలో మూడు పోగొట్టుకున్నాను.

ఒకటైతే మరీ సిగ్గుచేటు. వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె కొట్టుకునే రేటు ఏమవుతుందని అడిగితే 'పెరుగుతుంది' అని గుర్తించాను. పేరులోనే వేగం ఉంది కదా అనుకున్నాను! తీరా చూస్తే అది లాటిన్ మాట, తిరుగాడేది అని అర్థం. మజ్జాముఖం దగ్గర బయలుదేరి గుండెనూ ఊపిరితిత్తులనూ పలకరిస్తూ పొట్ట దాకా పోతుంది. గుండె విషయంలో దాని పని నెమ్మదింపజేయడమే.

మిగిలిన రెండు తప్పులూ అభివాహి, అపవాహి అనే రెండు రకాల నాడులను తారుమారు చేసినవి. ఇక్కడ మాత్రం మన భాషే ఆదుకుంది. అభిముఖంలోని 'అభి' వైపుకు, అపహరణలోని 'అప' దూరంగా. కేంద్రం మెదడు, వెన్నుపాము. వాటి వైపు వార్త తెచ్చేది అభివాహి, అక్కడినుంచి ఆజ్ఞ పట్టుకుపోయేది అపవాహి. వేడి పెనం తగిలిన వేలి కబురు పృష్ఠ మూలం (వెన్ను నాడి వెనక వేరు) గుండా వెన్నుపాములోకి వెళ్తుంది, చెయ్యి లాగమనే ఆజ్ఞ ఉదర మూలం (ముందు వేరు) గుండా బయటికి వస్తుంది. అంతే, మళ్లీ తడబడలేదు.

నాడీ ప్రచోదనం, అంటే నాడి వెంట పరుగెత్తే విద్యుత్ సంకేతం, దగ్గర చాలామంది జారిపడే చోటు ఒకటుంది. విశ్రాంతిలో తంత్రికాక్షం (నాడీకణపు పొడవాటి తీగ) లోపలి వైపు బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకం. ప్రేరణ అందగానే సోడియం లోపలికి దూసుకొస్తుంది, వెంటనే పొటాషియం బయటికి పోతుంది. త్వచం (కణం పైపొర) లోపలి వైపు మళ్లీ రుణాత్మకమయ్యేది ప్రధానంగా ఆ పొటాషియం వల్లనే. మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి చేరవేసే పంపు వల్ల అనుకోకండి. పంపుది నిలకడగా సాగే నిర్వహణ పని.

ఒక నాడీకణం మరో కణానికి కబురు అందించే చోటైన నాడీకణ సంధిని చిత్రంలో ఎన్నిసార్లు చూసినా నాకు బుర్రకెక్కలేదు. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త చేసిన కప్ప గుండెల ప్రయోగం చదివాకే తలుపు తెరుచుకుంది. రెండు గుండెలను విడిగా ద్రావణంలో ఉంచి, మొదటిదాని వేగస్ నాడిని ప్రేరేపించాడు. అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని రెండో గుండెకు అందిస్తే, నాడి తాకకుండానే అదీ నెమ్మదించింది. అంటే కబురు మోసింది ఏదో రసాయనం. అదే ఎసిటైల్‌కోలిన్. మళ్లీ నా పాత శత్రువు వేగస్ నాడే!

తంత్రికాక్షం చివరికి ప్రచోదనం చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది, బుడగల్లోని ఎసిటైల్‌కోలిన్ బయటపడి అవతలి కణం గ్రాహకాలకు అతుక్కుంటుంది. పని కాగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ దాన్ని విరగ్గొడుతుంది. ఈ ఎంజైము పేరు నేను బట్టీ పట్టలేదు. మాది పత్తి పండించే ఊరు. కొన్ని పురుగుమందులు, ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫేట్లు, అడ్డుకునేది దీన్నే. విరగని ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతే నోట్లో లాలాజలం ఊరుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అట్రోపిన్ అనే మందు ఆ గ్రాహకాలకు ఎసిటైల్‌కోలిన్‌ను అతుక్కోనివ్వదు. పురుగుమందు ఒంట్లో చేరినవారికి ఆసుపత్రిలో దాన్ని ఎందుకు ఇస్తారో ఇప్పుడు మీరే చెప్పగలరు.