నాయినమ్మ పాటలకు కత్తెర

మా చిన్నాయిన భివండి నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వస్తువు పట్టుకొచ్చేటోడు. 2017 దసరాకు తెచ్చింది గుప్పిట్ల పట్టే వాయిస్ రికార్డరు. దాన్ని నాయినమ్మ ముందు పెట్టి, వాడకట్టు ఆడోళ్లను నలుగురిని పక్కన కూసోబెట్టి, ఆమెకొచ్చిన బతుకమ్మ పాటలన్నీ ఒక్క పూటలో పాడించిండు. రెండు గంటల పది నిమిషాలు. మాది చండూరు దిక్కు నేతగాళ్ల ఊరు. పక్క అర్రల మగ్గం నడుస్తనే ఉండె. ఆ చప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఉంటది.

ఆ రికార్డరు నేరుగా ఎంపీత్రీలోనే దాచింది. మోనో, 64 కేబీపీఎస్, మొత్తం 62 ఎంబీ. ఇంతకన్న మంచి కాపీ ఎక్కడా లేదు. నాయినమ్మకు ఇప్పుడు రెండు చరణాలకే ఆయాసమొస్తది, మోకాళ్లు ఎప్పుడో పోయినయి (మునుగోడు పక్క ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు). మళ్లీ పాడించి రికార్డు చేసే మాట లేదు.

పోయిన బతుకమ్మకు ముందు మా అక్కలు పట్టుబట్టిర్రు, ‘పాటకో ఫైలు చేసియ్యిరా’ అని. గంట పని అనుకున్న. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఫైలు తెరిచి, మొదటి పాట సెలెక్ట్ చేసి, ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ కొట్టిన. సైజు చూస్తే ఆ ముక్కకు ఉండాల్సినదానికన్న చాన ఎక్కువొచ్చింది. సైజు పెరిగిందంటే క్వాలిటీ పెరిగినట్టే అనుకుని, నల్లగొండ నుంచి ఊరికి పోయినప్పుడు నాయినమ్మకు ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించిన.

‘చప్పట్లు గిట్లెందుకున్నయి బిడ్డా? తడిచేతులతోని కొట్టినట్టున్నయి’ అన్నది.

నాకు తేడా తెల్వలే. రాత్రి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పదిసార్లు విన్నంక తెలిసింది. చప్పట్లు పడే ముందట సన్నగ ఒక ‘స్స్’ వస్తున్నది. దీనికి పేరే ఉన్నదట, ప్రీ ఎకో. ఎంపీత్రీ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగ చేసి కుదిస్తది. నిశ్శబ్దం నడుమ ఠప్పున ఒక చప్పుడొస్తే, కుదింపులో పుట్టిన రొద ఆ ముక్క అంతటా పరుచుకుంటది, చప్పుడుకు ముందు కూడా. చప్పట్లు, మగ్గం నాడె చప్పుడు, ఇవే దానికి గిట్టనివి. ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తే ఆ రొద మీద ఇంకో పొర పడ్డది. సైజు పెంచినంత మాత్రాన మొదటి కుదింపులో పోయింది తిరిగిరాదు.

ఆడాసిటీ తప్పు కాదిది. అది ఏ ఫైలునైనా ముందు పూర్తిగ విప్పుతది, సేవ్ చేసేటప్పుడు మళ్లీ నేస్తది. నాకు కావాల్సింది నేసుడు కాదు, కోసుడు. మా దగ్గర ఒకే పడుగు మీద వరసగ చీరలు నేసి, చీరకూ చీరకూ నడుమ వదిలిన ఖాళీ పోగుల కాడ కత్తిరిస్తరు. చీరలోని ఒక్క పోగు కదలదు. ఎంపీత్రీకి కూడా అసొంటి సందులున్నయని తెలిసినంక ధైర్యమొచ్చింది. ఎంపీత్రీ ధ్వనిని ఫ్రేమ్‌లనే చిన్న కట్టలుగ వరసగ పేరుస్తది, కట్టకూ కట్టకూ నడుమ సందు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలులో (సెకనుకు 44,100 శాంపిల్స్, అంటే ధ్వని కొలతలు) ఒక్కో ఫ్రేమ్ 1152 శాంపిల్స్, అంటే 26 మిల్లీసెకన్లు. సెకనుకు 38 సందులు! పాటకు ఇంతకన్న సన్నటి కోత ఎవరడుగుతరు?

ఆ పని చేసేది ఎంపీత్రీడైరెక్ట్‌కట్. విండోస్‌ది, ఉచితం, చాన చిన్న ప్రోగ్రాం. చూపులకు పాత ముసలమ్మ లెక్కుంటది. ఫైలు తెరవంగనే అలలు కనిపిస్తయి, మౌస్‌తోటి మొదలూ చివరా పట్టుకుని ‘సేవ్ సెలెక్షన్’ అంటే అయిపాయె. విప్పుడు లేదు, కుదించుడు లేదు. చేసింది నిజమేనా అని లెక్క చూసుకున్న. 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 వేల బైట్లు, నాలుగు నిమిషాల పాట 1.92 ఎంబీ రావాలె. అంతే వచ్చింది.

ఇక అన్ని పాటలూ ఒక్కసారే కోద్దామని ఆశపడ్డ. అందులో ‘పాజ్ డిటెక్షన్’ అని ఉంటది, నిశ్శబ్దం దొరికిన చోటల్లా గుర్తు పెడతది. ఒక్క గుర్తూ పడలే. ఎందుకంటే మా ఇంట్ల నిశ్శబ్దమే లేదు, మగ్గం ఆగితే కదా! హద్దు పెంచి మళ్లీ నడిపిన. ఈసారి నాయినమ్మ ఉయ్యాలో అని ఊపిరి తీసుకున్న ప్రతి చోటా గుర్తు పడ్డది. మూడు రాత్రులు కూసొని, విని, చేత్తోనే గుర్తులు పెట్టిన. 23 పాటలు. చివరికి ‘సేవ్ స్ప్లిట్’ కొడితే 23 ఫైళ్లు ఒక్క నిమిషంలో వచ్చి పడ్డయి.

రెండు మూడు పాటల్లో మొదటి అక్షరం మింగినట్టనిపించింది. దానికి కారణం బిట్ రిజర్వాయర్. రిజర్వాయర్ అంటే మాకు సాగరే గుర్తొస్తది, ఇదీ అదే పని. ఒక ఫ్రేమ్‌ల పని తక్కువుంటే మిగిలిన బిట్లను తర్వాత వచ్చే బరువైన ఫ్రేమ్ వాడుకుంటది. నడుమ కోస్తే ఆ ఫ్రేమ్‌కు రావాల్సిన నీళ్లు పైన ఆగిపోయినట్టు. పాటకు అరసెకను ముందు నుంచి కోస్తే ఆ తంటా పోయింది.

ఒక పాటలో ఆమె మైకుకు ఎడంగ జరిగింది, గొంతు పలచబడ్డది. దాన్ని కూడా విప్పకుండనే పెంచొచ్చు. ప్రతి ఫ్రేమ్‌ల ఎంత గట్టిగ వినిపించాలో చెప్పే ఒక అంకె ఉంటది, దాన్ని మారిస్తే చాలు. ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్స్. నాలుగు మెట్లు ఎక్కించిన. దాంతోని మగ్గం చప్పుడూ పెరిగింది, ఏం చేస్తం.

ఒక పాటకు చివరి చరణం దొరకలే. మా మేనత్త వాట్సాప్‌ల పాడి పంపింది, అది ఓపస్ అనే వేరే రకం ఆడియో ఫైలు, ఎంపీత్రీడైరెక్ట్‌కట్ తెరవలే. దానికి లాస్‌లెస్‌కట్ వాడిన. అదీ విప్పకుండనే కోసే ఉచిత ప్రోగ్రామే. ముందట ఆమె ‘హలో, వినిపిస్తుందా’ అన్నదాన్ని తీసేసిన. కాని ఓపస్ ముక్కను తెచ్చి ఎంపీత్రీకి అతికిద్దామంటే ఏదో ఒకదాన్ని మళ్లీ కుదియ్యాల్సిందే. అతుకు పెట్టలే, వేరే ఫైలుగనే ఉంచిన.

సద్దుల బతుకమ్మ ముందురోజు 23 పాటలూ నాయినమ్మకు వినిపించిన. చప్పట్లకు తల ఊపింది. అంతా విన్నంక అడిగింది, ‘నడుమ నడుమ మీ చిన్నాయిన మాటలుండె గదా, యాడ పోయినయి?’

పాటకూ పాటకూ నడుమ ‘ఇగ ఇంకోటి పాడు అమ్మా’ అని ఆయన అన్నవన్నీ నేను చెత్త కింద లెక్కగట్టి కోసేసిన. అసలు ఫైలు ముట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి మళ్లీ కూసొని, ఒక్కో గుర్తును ఆయన మాట ముందటికి జరుపుకుంట వచ్చిన.