కొబ్బరి పీచు మీద బంగారం

క్వీన్స్‌టౌన్ గురించి ఇక్కడ రాయను. ఆ సరస్సు, మంచు కొండల ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను, చూసినవాళ్లు చూశారు. న్యూజిలాండ్ నుంచి తిరిగొచ్చి మూడు వారాలైనా నా బుర్రలోంచి పోనిది దారిలో చూసిన రాళ్ల గుట్టలు, బస్సులో పక్క సీటు ముసలామె.

అమ్మాయి డునెడిన్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. దానికి నాలుగు రోజులు సెలవు దొరికితే ముగ్గురం బస్సెక్కాం. కారు అద్దెకు తీసుకుందామంది కానీ, దాని డ్రైవింగ్ మీద వాళ్లమ్మకు నమ్మకం లేదు. గంటన్నరకు లారెన్స్‌లో ఆపారు. 1861లో గేబ్రియల్ రీడ్ అనే ఆయనకు పక్క లోయలో బంగారం దొరికిన ఊరు. ఆ బంగారం ధర ఇంకా దిగినట్టు లేదు. ఒక చీజ్ పై, ఒక టీ కలిపి పన్నెండు డాలర్లు! మన లెక్కలో ఆరు వందలు. రాజమండ్రిలో ఆ డబ్బుతో నలుగురం పెసరట్టు ఉప్మా తిని, పైన కాఫీ తాగొచ్చు. డాలర్లను రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి రోజూ చెబుతుంది. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసినవాణ్ణి, లెక్క మానమంటే ఎలా? మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది.

లారెన్స్ దాటాక పక్క సీటు ముసలామె పలకరించింది. ఎనభై దాటి ఉంటాయి. డునెడిన్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని అలెగ్జాండ్రా వెళ్తోంది. కంటికి ప్లాస్టిక్ మూత, దాని చుట్టూ అంటించిన పట్టీ. నాకూ కిందటేడే శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి మాటలకు కొదవ లేదు. నేను బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యానని చెప్పగానే ఆ ఒక్క కన్నూ మెరిసింది.

"అయితే మా తాతగారి కథ మీకు చెప్పాలి."

ఆ తాతగారు డునెడిన్‌లో బట్టల కొట్టు గుమాస్తా. 1900లో, నది అడుగు తోడి బంగారం తీస్తామన్న మూడు డ్రెడ్జింగ్ కంపెనీల షేర్లు కొన్నాడు. ఒక కంపెనీ నదిలో పడవ దింపనే లేదు. రెండోది దింపింది, బొగ్గు ఖర్చు కూడా రాలేదు. మూడోది ఏమైందో ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదట. ఆ సర్టిఫికెట్లు ఇప్పుడు ఆమె దగ్గరున్నాయి. చుట్టూ పూల డిజైను, మధ్యలో ఎర్ర ముద్ర, చాలా అందంగా ఉంటాయట. ఫ్రేము కట్టించి టాయిలెట్‌లో తగిలించిందట. "వచ్చినవాళ్లు కూర్చుని తీరిగ్గా చదువుకుంటారు" అని నవ్వింది.

అమ్మాయి తెలుగులో చెప్పేసరికి మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "మన టేకు కాగితాలు బీరువాలోనే ఉన్నాయి కదండీ?"

ఉన్నాయి. ఆ సంగతి తర్వాత.

క్వీన్స్‌టౌన్‌లో రూముల రేట్లు చూసి గుండె జారి, ఆ రాత్రికి అలెగ్జాండ్రాలో ఆగాలని ముందే అనుకున్నాం. పొద్దున్నే క్లైడ్ అనే పక్క ఊరి దిశగా నది గట్టున నడిచాం. ఆ నది పేరు క్లూతా. మన గోదావరి ముందు పిల్ల కాలువలా కనిపిస్తుంది కానీ ఆ వేగం చూస్తే కాలు పెట్టబుద్ధి కాదు. పచ్చా నీలం కాని రంగు. మా వరద గోదారి ఎర్రనీళ్లు చూసి పెరిగిన కళ్లకు ఆ శుభ్రం కొంచెం అనుమానంగానే తోచింది.

కొంత దూరం పోయాక ఎర్న్స్‌క్లూ గుట్టలు. గుండ్రాళ్లు, వరసలు వరసలుగా, దుక్కి దున్నిన చాళ్లలా. మనిషికి రెండింతల ఎత్తున్నవీ ఉన్నాయి. మట్టి లేదు కాబట్టి నూరేళ్లు దాటినా చెట్టు సరిగ్గా మొలవలేదు. రాళ్ల సందుల్లో మాత్రం పొట్టి పొదలు, ఊదారంగు పూలు. మా ఆవిడ ఒక రెబ్బ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, "వాము!" అంది. థైమ్ అంది అమ్మాయి. వాసన మాత్రం అచ్చం వామే. బంగారం రోజుల్లో ఎవరో తెచ్చి వేస్తే కొండలన్నీ పాకిందట.

ఈ రాళ్లన్నీ డ్రెడ్జర్లు కక్కినవి. డ్రెడ్జరంటే మనకు కాకినాడ, విశాఖ పోర్టుల్లో పూడిక తీసేదే కదా. ఇదీ అలాంటిదే. తేలే బల్లకట్టు మీద ఆవిరి యంత్రం. ముందు గొలుసుకు కట్టిన ఇనప బొక్కెనలు నది అడుగు నుంచి కంకర తోడతాయి. అది చిల్లుల డ్రమ్ములో తిరుగుతూ కడగబడుతుంది. పెద్ద రాళ్లు వెనక నుంచి పోతాయి, అవే ఈ గుట్టలు. సన్న ఇసుక చిల్లుల్లోంచి ఏటవాలు బల్లల మీదికి జారుతుంది. ఆ బల్లల మీద పరిచేది ఏమిటో తెలుసా? కొబ్బరి పీచు చాప! ఇసుకను నీళ్లు తోసుకుపోతాయి, బరువైన బంగారు రజను పీచులో ఇరుక్కుంటుంది. తర్వాత చాపలు జాడించి తీసుకోవడమే. కోనసీమలో పుట్టి, ఇంటి ముందు కాళ్లు తుడుచుకునే పట్టాగానే ఎరిగిన వస్తువు ఇక్కడ ఈ పని చేసిందంటే కాసేపు నవ్వొచ్చింది.

అసలు ఇంత సరంజామాకు డబ్బెవరు పెట్టారన్నది నన్ను పట్టుకున్న ప్రశ్న. మొదటి రోజుల్లో పళ్లెం, పార ఉంటే ఒక్కడే నదిలో దిగేవాడు. హార్ట్‌లీ, రైలీ అనే ఇద్దరు 1862లో అలాగే 87 పౌండ్ల బంగారం తెచ్చి డునెడిన్‌లో చూపించారు. ఒడ్డున తేలిగ్గా దొరికేది అయిపోయాక లోతుకు పోవాలి, లోతుకు యంత్రం కావాలి, యంత్రానికి పెట్టుబడి కావాలి.

ఆ పెట్టుబడిని మొదటగా గలగల పారించినవాడు చోయీ సూ హోయ్ అనే చైనా వర్తకుడు. గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టి, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలోని విక్టోరియా మీదుగా 1869లో డునెడిన్ చేరాడు. స్టాఫర్డ్ వీధిలో కొట్టు పెట్టి చైనా గని కూలీలకు సరుకులు అమ్మేవాడు. 1881 నుంచీ ఆ దేశంలో అడుగుపెట్టే ప్రతి చైనావాడి తల మీదా పది పౌండ్ల పన్ను. 1896లో దాన్ని వంద చేశారు. అలాంటి చోట, ఆ పన్ను వేసిన తెల్లజాతి వ్యాపారులనే పక్కన కూర్చోబెట్టుకుని షాటోవర్ నది మీద బిగ్ బీచ్ అనే చోట కంపెనీ పెట్టాడు. ఆవిరి డ్రెడ్జర్లు అప్పటికే ఉన్నాయి, 1881లోనే క్లూతాలో ఒకటి దిగింది. ఈయన 1889లో దింపింది మాత్రం నది అడుగునే కాదు, ఒడ్డున ఉన్న మేటల్ని కూడా తొలుచుకుంటూ పోయేది. బంగారం వచ్చింది. వచ్చిందని తెలియగానే ఆ ఒటాగో ప్రాంతమంతా షేర్ల జ్వరం.

అది చల్లారి, పదేళ్లకు మళ్లీ లేచింది. ఈసారి ఇంకా గట్టిగా. 1900లో క్రాంవెల్ దగ్గర, ఆ పాత జంట హార్ట్‌లీ, రైలీల పేరే పెట్టుకున్న ఒక డ్రెడ్జరు ఒక్క వారంలో 1,200 ఔన్సులు దాటించింది. అంటే 37 కిలోలు. గోల్డ్ లోన్లు తూచిన అలవాటుతో లెక్కేస్తే నాలుగున్నర వేల కాసుల పైమాటే. ఇంకేం కావాలి? నదిని గజాల చొప్పున కాగితం మీద ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకో కంపెనీ, షేర్లు కొనమని ఒక్కో కంపెనీకో ప్రాస్పెక్టస్. మన ముక్క ఆ బంగారు ముక్కకు ఎంత దగ్గరో చెప్పడమే అందులో అసలు విషయం. హైవేకి పది నిమిషాలని వెంచర్ బ్రోచర్లలో వేస్తారే, అదే బాణీ. ప్రమోటర్లకు షేర్లు ఊరికే, మిగతావాళ్లకు వాయిదాల మీద. ఫౌండ్రీలు డ్రెడ్జరు కట్టి ఇచ్చేలోపే షేరు నాలుగు చేతులు మారేది. ఆఖరి చేతిలో ఉన్నప్పుడు వాయిదా కట్టమని నోటీసు వచ్చేది. ఆ చేయి బట్టల కొట్టు గుమాస్తాది.

తొంభైల్లో నేనూ అదే చేశాను. టేకు చెట్ల స్కీము. కంపెనీ పేరు రాయను. యూనిట్ ఐదు వేలు, ఇరవై ఏళ్లకు లక్షలు. నున్నటి కాగితం మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ, డైరెక్టర్ల జాబితాలో రిటైరైన పెద్ద ఆఫీసర్లు. పొద్దున్న బ్యాంకులో గేదెల లోను కోసం వచ్చిన రైతును పాస్‌బుక్ నకలు లేదని వెనక్కి పంపి, సాయంత్రం ఆ ఏజెంటుకు మూడు యూనిట్లకు చెక్కు రాసిచ్చాను. చెట్లు ఎక్కడున్నాయో ఒక్కసారి కూడా చూడలేదు.

క్వీన్స్‌టౌన్ పక్కనే ఆర్థర్స్ పాయింట్. షాటోవర్ నదిలో జెట్ బోటు ఎక్కుదామంది అమ్మాయి. మనిషికి దాదాపు తొమ్మిది వేల రూపాయలు. వంతెన మీద నిలబడి, కింద నుంచి అరుచుకుంటూ పోయేవాళ్లను ఉచితంగా చూసి వచ్చాం.

డునెడిన్ తిరిగొచ్చాక వానలోనే స్టాఫర్డ్ వీధికి వెళ్లాను. సూ హోయ్ భవనం ఇంకా ఉంది. ఆయన 1901లో పోయాడు. ఆ దేశంలో చనిపోయిన చైనావాళ్ల అస్థికలు సొంతూళ్లకు చేర్చే సంఘానికి పెద్ద ఆయనే. 1902లో వెంట్‌నార్ అనే ఓడలో 499 మంది అవశేషాలు బయల్దేరాయి, ఆయనవీ అందులోనే. ఆ ఓడ న్యూజిలాండ్ తీరం దాటకుండానే మునిగిపోయింది.

గొడుగు కింద నిలబడి బ్యాంకు భాషలో, లోను ఇవ్వాలా వద్దా తేల్చే అప్రైజల్ నోట్ ఒకటి రాసుకున్నాను. 1888లో ఈయన నా టేబుల్ ముందుకొస్తే? పరాయి దేశస్థుడు, అనుభవం సరుకుల వ్యాపారంలో, సెక్యూరిటీ అంటే పారే నీళ్లు. రిజెక్ట్. అదే 1900లో ఆ కాగితపు కంపెనీలు వస్తే? పరువైన డైరెక్టర్లు, పక్క ముక్కలో లాభాలు, అచ్చుకొట్టిన ప్రాస్పెక్టస్. సంతకం పెట్టేసేవాణ్ణి. వాళ్ల ఫైలు పక్కాగా ఉండేది.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఇదంతా చెప్పి, "నువ్వయితే ఆ చైనా ఆయనకు ఇచ్చేదానివా?" అని అడిగాను.

"మనిషిని చూడకుండా ఎలా చెప్తానండీ" అంది చపాతీ తిప్పుతూ. "ఆ టేకు ఏజెంటు మొహం చూశాకే కదా నేను వద్దన్నది."