కనుమ వీడియో పద్దు: నరసాపురం లేసు ఇంకా మిణుకుతోంది

ఆరో రెండరూ (వీడియోని ఫైలుగా తీయడం) పోయింది. కంప్యూటర్ తెర మీద వెన్నపూసలా కనిపించిన లేసు బ్యాక్‌గ్రౌండ్, టీవీలో వేసేసరికి అంచుల వెంట చీమలు పాకుతున్నట్టు మిణుకుమంటోంది. ముగ్గు కార్డులన్నీ (పేర్లు వేసే తెరలు) అయిపోయాయి. ఈ ఒక్క లేసే మొండికేసింది.

పని ఏమిటంటే, కోనసీమ జగ్గన్నతోటలో దేవుళ్ళని ఎత్తైన వెదురు ప్రభల మీద ఊరేగించే ప్రభల తీర్థం వీడియో ముక్కలు. ఏకాదశ రుద్రులు పదకొండు మంది కాబట్టి కార్డులూ పదకొండు. జనంలో తీసిన ఫోను వీడియోలన్నీ నిలువువే. 1080 ఎత్తుకి నిలువు క్లిప్పు 608 పిక్సెళ్ళ వెడల్పే వస్తుంది, అటు 656, ఇటు 656 ఖాళీ. ఆ ఖాళీలో అదే వీడియోని మసకచేసి నింపడం ఇప్పుడు అందరూ చేసేదే. అది మాత్రం వద్దు. ప్రభ ఊగినప్పుడల్లా పక్కన రంగుల ముద్ద కూడా ఊగి, చూపు అటే లాగేస్తుంది. నిలకడగా ఉండే నమూనాయే నయం.

ముందు కుదిరినవి. ముగ్గు టైలు 120 పిక్సెళ్ళ చదరం: 1920లో 16, 1080లో 9 సరిగ్గా పడతాయి, ఎక్కడా సగం ముక్క మిగలదు. గీత మందం 6 పిక్సెళ్ళు. మొదటి దెబ్బకే వచ్చింది. సాయంత్రం ఆకాశం గ్రేడియెంట్‌లో చారలు పడ్డాయి, చిటికెడు గ్రెయిన్ (సన్న రవ్వ) కలిపితే పోయాయి. జాందానీ చీర అంచు మటుకు ఎర్ర నేల మీద ఆకుపచ్చ బుటా దగ్గర అలికినట్టయింది. వెలుగు వివరం 1920లో ఉన్నా, 4:2:0 (రంగు వివరాన్ని తగ్గించి దాచే) ఫైల్లో రంగు వివరం 960 వెడల్పుకే ఉంటుంది. రెండు రంగుల వెలుగూ ఒకటే అయితే గీత నిలవదు. ఆకుపచ్చని బాగా లేత చేస్తే సరిపోయింది.

ఇక లేసు. నరసాపురం అల్లికకి అందం దారం సన్నదనంలోనే ఉంది, 1080 గీతల తెరకి శత్రువూ ఆ సన్నదనమే. ఫోనుతో ఫొటో తీస్తే మడతల నీడలు పడుతున్నాయని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పరిచి, పైన మెరూన్ చార్టు కాగితం కప్పి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్. డీస్క్రీన్ ఆపెయ్యాలి, అది అచ్చు బొమ్మల చుక్కలు చెరపడానికి పెట్టింది, ఇక్కడ దారాలనే తినేస్తుంది. ఏ4 నిండా వచ్చిన బొమ్మ 7016 × 4960. అందులో దారం మందం 7 పిక్సెళ్ళు, అంటే దాదాపు 0.3 మిల్లీమీటర్లు. 7016ని 1920కి కుదిస్తే ఆ 7 కాస్తా 1.9 అయింది. రెండు పిక్సెళ్ళకన్నా తక్కువ. తెగులు పుట్టింది ఇక్కడే. కానీ ఇది తేలేసరికి నాలుగు రెండర్లు ఖర్చయ్యాయి, ఎందుకంటే అనుమానం ముందు వేరే వాటి మీదికి పోయింది.

మొదట టీవీ. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు నిలువు చారలతో 1920 × 1080 బొమ్మ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూస్తే, సమంగా బూడిద రంగులో కనపడాల్సింది వెడల్పాటి పట్టీలుగా వచ్చింది. అంటే టీవీ బొమ్మని కొంచెం సాగదీసి అంచులు కోస్తోంది. పిక్చర్ సైజుని జస్ట్ స్కాన్‌కి మార్చి, షార్ప్‌నెస్ సున్నా చేశాక పట్టీలు పోయాయి. లేసు మిణుకు తగ్గింది గాని పోలేదు.

తర్వాత కంప్రెషన్. వీడియో ఎడిటర్ షాట్‌కట్‌లో క్వాలిటీ 55 శాతం నుంచి 90కి పెంచి అదే ముక్క రెండరు చేస్తే ఫైలు ఉబ్బింది, మిణుకు అలాగే ఉంది. కాబట్టి నేరం కోడెక్‌ది (వీడియోని కుదించే పద్ధతిది) కాదు.

మూడోది ఇంటర్‌పొలేషన్, అంటే బొమ్మ సైజు మార్చేటప్పుడు పిక్సెళ్ళు లెక్కకట్టే పద్ధతి. ఎక్స్‌పోర్ట్‌లో బైలీనియర్, బైక్యూబిక్, లాంజోస్ మూడూ వేసి చూస్తే లాంజోస్‌లో ఇంకా ఎక్కువైంది. దారం అంచుని ఇంకా పదును చేస్తుంది కదా, ఎక్కువవక ఏమవుతుంది! అన్నిటికీ లాంజోసే గొప్పదన్న మాట ఇలాంటి సన్న అల్లికల దగ్గర పనికిరాదు. బొమ్మలు దిద్దే జింప్‌లో నోహేలో పద్ధతితో ముందే కుదించుకుని తెచ్చినది వీటన్నిటికన్నా మెత్తగా వచ్చింది. సగానికన్నా చిన్నది చేసేటప్పుడు ఎడిటర్‌ని నమ్మకుండా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనే కుదించుకోవడం మేలు.

ఇంతా చేసి అసలు సంగతి లేసుకి పెట్టిన నెమ్మది జూమ్‌లో ఉంది. 6 సెకన్లలో 100 నుంచి 108 శాతం. వినడానికి ఎంత నెమ్మది! లెక్క కడితే, మధ్యలోంచి అంచు 960 పిక్సెళ్ళ దూరం. అందులో 8 శాతం 76.8. అంటే అంచు దగ్గరి దారం 6 సెకన్లలో 76.8 పిక్సెళ్ళు జరుగుతుంది, సెకనుకి 12.8 సార్లు పిక్సెల్ గడి దాటుతుంది. దారం గడిలో సరిగ్గా కూర్చున్నప్పుడు తెల్లగా, రెండు గడుల మధ్య పడ్డప్పుడు మాసినట్టుగా. సెకనుకి దాదాపు 13 మిణుకులు! మధ్యకీ అంచుకీ నడుమ 6.4, నడిమధ్యన సున్నా. టీవీలో కనిపించేదీ అచ్చం ఇదే: మధ్యలో నిశ్చలం, అంచుల్లో చీమలు.

విరుగుడుగా చేసినవి రెండు. ఒకటి, దారం తెర మీద 5 పిక్సెళ్ళు ఉండేలా స్కాన్‌లో 2689 పిక్సెళ్ళ వెడల్పు ముక్కనే వాడటం. అంటే దాదాపు 11.4 సెంటీమీటర్ల లేసు తెరంతా నిండుతుంది. పువ్వు మొత్తం పట్టదు, మూడు రేకులు కనిపిస్తాయి, అంతే. రెండోది, లెవెల్స్‌లో (వెలుగు హద్దులు) ఔట్‌పుట్ 0–255ని 90–190కి తగ్గించడం. తెలుపు మీగడ రంగవుతుంది, మెరూన్ వెలిసిన నేలవుతుంది. పైన అక్షరాలకీ అదే మంచిది. ఈ రెండూ కలిసి మిణుకుని ముప్పావు వంతు మింగాయి. మిగిలిన పావు లేసు అంచు పళ్ళ దగ్గర, ఒంటి దారం మెలికల్లో ఉంది. జూమ్ ఉన్నంతకాలం అది పోయేలా లేదు.

అందుకని జూమ్ మానేసి పక్కకి జరపడం. ఫ్రేముకి కచ్చితంగా ఒక పిక్సెల్ జరిగితే ప్రతి దారమూ గడిలోంచి గడిలోకి నిండుగా దూకుతుంది, మధ్యలో పడదు. 2100 × 1080 బొమ్మ, సెకనుకి 30 ఫ్రేములు, 6 సెకన్లు, మొత్తం 180 ఫ్రేములు. సైజ్ మోడ్ డిస్టార్ట్‌లో పెట్టి అంకెలు టైపు చెయ్యాలి. మౌసుతో లాగితే 2099 అయి కూర్చుంటుంది, బొమ్మంతా మళ్ళీ సాగుతుంది. ఎక్స్ (అడ్డ స్థానం) 0 నుంచి −180.

అంచులు నెమ్మదించాయి. కానీ సరిగ్గా మధ్యలో, మూడో సెకను దగ్గర, లేసంతా ఒకసారి మసకబారి మళ్ళీ తేరుకుంది. రెండు పూటలు తిన్న తప్పు ఇది. 180 ఫ్రేములంటే 0 నుంచి 179, అడుగులు 179 మాత్రమే. 180ని 179తో భాగిస్తే ఫ్రేముకి 1.0056. ఆ పిసరు పోగుపడి సగం దారిలో సరిగ్గా అర పిక్సెల్ తేడా అవుతుంది, అర పిక్సెలంటే గరిష్ఠ మసక. చివరికి తేడా ఒక పిక్సెలై మళ్ళీ స్పష్టం. −180 తీసి −179 పెట్టగానే పోయింది. కంచె స్తంభాల లెక్కే, చిన్నప్పటి నుంచీ తెలిసినదే.

ఇప్పుడున్న బాధ వేగం. సెకనుకి 30 పిక్సెళ్ళంటే పేరు చదువుతుంటే వెనక లేసు పరుగెడుతోంది. సగం వేగం పెడితే ఫ్రేముకి అర పిక్సెల్: ఒక ఫ్రేము స్పష్టం, ఒక ఫ్రేము మసక, మిణుకు మళ్ళీ మొదటికొచ్చింది. అదే ఆరో రెండరు.

ఏడో దానికి ఉపాయం: బ్యాక్‌గ్రౌండ్ ఒక్కదాన్నే 15 ఫ్రేముల ప్రాజెక్టులో, ఫ్రేముకి ఒక పిక్సెల్ చొప్పున, 90 ఫ్రేములు, ఎక్స్ 0 నుంచి −89, బొమ్మ వెడల్పు 2010. లాస్‌లెస్ (నాణ్యత పోని) యూటీ వీడియోగా తీసి 30 ఫ్రేముల ప్రాజెక్టులోకి తెస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు కనిపిస్తుంది. కాస్త గతుకు ఉండొచ్చు, మిణుకు ఉండకూడదు. ఫైలు లావుగా వస్తుంది, ఎడిట్ అయ్యాక చెరిపెయ్యడమే. డావిన్చీ రిజాల్వ్‌లో ఇదంతా ఇంకా హుందాగా చెయ్యొచ్చు గాని 8 జీబీ ల్యాప్‌టాప్ మీద దాన్ని తెరవడం కాలవలో లాంచీ నడపడం లాంటిది. ఈ సైజు పనికి షాట్‌కట్ చాలు. ఫిల్మోరాలో తయారుగా బ్యాక్‌గ్రౌండ్లు బోలెడు, డబ్బు కట్టకపోతే ఎక్స్‌పోర్ట్‌లో వాటర్‌మార్క్ పడుతుంది. పైగా వాటిలో మన ఊరు ఎక్కడుంది?

ఏడో రెండరూ పోతే లేసుని కదలకుండా పెట్టి, పేరునే కదిలించడం.

తర్వాత అంతర్వేది రథోత్సవం ముక్కలు ఉన్నాయి. వాటికి తాటాకు చాప స్కాన్ చెయ్యాలి. ఆకు పట్టీ సెంటీమీటరు పైనే ఉంటుంది. 300 డీపీఐలో 118 పిక్సెళ్ళు, మూడో వంతుకి కుదించినా దాదాపు 40 మిగులుతాయి. జూమ్‌కి తట్టుకునే సరుకు అదే. చాప ఏ4 గాజు మీద పట్టదు కాబట్టి నాలుగు ముక్కలుగా తీసి కలపాలి, ప్రతి ముక్కా కనీసం 3 సెంటీమీటర్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా. కొత్త చాప కాదు, వాడి నున్నబడ్డదే కావాలి. కొత్తదాని మెరుపు స్కానర్ దీపానికి తెల్లగా కొడుతుంది.