నువ్వు కూడా సోఫాలోనే ఉన్నావుగా నాన్నా!

మా అమ్మాయి అన్న మాట అది. దానికి పన్నెండేళ్లు. పెరట్లోకొచ్చి ఆకాశం చూడమని అప్పటికి మూడోసారి పిలిచాను. పిలిచింది ఎక్కణ్ణుంచంటే, ఒళ్లో లాప్‌టాప్, కాళ్లమీద దుప్పటి పెట్టుకుని హాల్లోంచే.

జవాబేం చెప్పను? జనవరి చలి. అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో ఆకాశం, ఊరి దీపాల వెలుగు ఎంతుందో 1 నుంచి 9 దాకా చెప్పే బోర్టల్ స్కేలు మీద 8 దగ్గర ఉంటుంది, అంటే చుక్కల్ని వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు. పెరట్లో ఉన్నది కెమెరా తగిలించిన నా టెలిస్కోపు. నినా అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో సాయంత్రమే సీక్వెన్స్, అంటే రాత్రంతా అది వరసగా చెయ్యాల్సిన పనుల జాబితా, పెట్టేస్తాను. అది కెమెరాని మైనస్ 10 డిగ్రీలకి చల్లబరిచి, ఒక ఫొటో తీసి, అందులోని చుక్కల్ని కాటలాగ్‌తో పోల్చుకుని తానెటు చూస్తోందో తెలుసుకుని, గురి సరిచేసుకుని, ఫోకస్ పెట్టుకుని, ఇక 5 నిమిషాలకొక ఫొటో చొప్పున తీసుకుంటూ పోతుంది. టెలిస్కోపుని మోస్తూ చుక్కల వెంట తిప్పే మౌంటు గురి తప్పకుండా చూసుకునేది పీహెచ్‌డీ2 అనే ఇంకో సాఫ్ట్‌వేర్. మా ఇంట్లో పీహెచ్‌డీ ఉన్నది దానికొక్కదానికే.

మరి పిల్లనెందుకు రమ్మన్నట్టు? నేను చూశాను కాబట్టి. శివరాత్రి వెళ్లి చలి తగ్గగానే తణుకు దగ్గర మా ఊళ్లో మంచాలు డాబా ఎక్కేవి. వరసగా ఉండే మూడు చుక్కల్ని మా నాయనమ్మ గొల్లకావడి అనేది, కృత్తికల్ని పిల్లలకోడి అనేది. ఇప్పుడు నా కెమెరా గురి ఆ మూడింట్లో ఎడమ చివరి చుక్క కిందే, గుర్రపు తల నెబ్యులా అనే నల్లటి ధూళిమేఘం మీద.

అమ్మాయికి ఆ గుర్రం కంటే దాన్ని మొదట కనిపెట్టినావిడ నచ్చింది. విలియమీనా ఫ్లెమింగ్. స్కాట్లాండ్ నుంచి అమెరికా వచ్చాక మొగుడు వదిలేస్తే ఒక ప్రొఫెసరుగారింట్లో పనికి కుదిరి, ఆయన నడిపే హార్వర్డ్ అబ్జర్వేటరీలోనే ఉద్యోగంలో చేరి, 1888లో తీసిన ఒక గాజు ప్లేటు మీద ఈ నల్లటి నొక్కుని పట్టుకుంది. "చూశావా, ఆవిడ కూడా ఫొటోలోనే చూసింది" అంది మా లాయరమ్మ.

నేనూ ఊరుకోలేదు. ఆ వెలుతురు మనదాకా రావడానికి దాదాపు 1,400 ఏళ్లు పట్టింది తల్లీ, వేంగిలో కుబ్జ విష్ణువర్ధనుడు రాజ్యం మొదలుపెట్టిన రోజుల్లో బయల్దేరింది అన్నాను. "హూ?" అంది. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నేనూ అరగంట ముందే వెతికి పెట్టుకున్నాను.

పిల్లలకి మన సంగతులు పాఠంలా చెప్పకండి, పక్కన కూర్చుని చూపించండి అని బర్త్‌డే పార్టీల్లో అందరికీ తెగ చెప్తుంటాను. తీరా చూస్తే శనివారం కూచిపూడి, ఆదివారం తొమ్మిదింటికి నానమ్మతో వీడియో కాల్, పదిన్నరకి తెలుగు క్లాసు, అన్నిటికీ కాలెండర్లో రిమైండర్లు పెట్టేసి నేను పక్కగదిలో ఉంటాను. మొన్నొక రాత్రి మబ్బు పట్టినా నా టెలిస్కోపు ఆగలేదు, పొద్దున చూస్తే 41 ఫొటోలు, అన్నీ మబ్బులే, సీక్వెన్స్ మాత్రం దిగ్విజయంగా పూర్తయింది. బాగున్నావా నానమ్మా, బాగున్నానమ్మా, తిన్నావా, తిన్నాను. ఆ కాల్స్‌లో ఇలాంటి మబ్బు ఫొటోలెన్నో లెక్కపెట్టాలంటే భయం.

అయినా మా నాయనమ్మేమైనా సంస్కృతి నేర్పిద్దామని డాబా ఎక్కిందా? కరెంటు పోయి, లోపల ఉక్కపోస్తే ఎక్కింది. ఇక్కడ కరెంటు పోదు. పోయినా పిల్లదాని ఫోన్లో చార్జింగ్ ఉంటుంది.

కాసేపాగి అమ్మాయే అడిగింది, "గొల్లకావడిలో కావడి అంటే ఏంటి?" భుజాన కర్ర, చెరో కొసనా కుండ అన్నాను. అర్థం కాలేదు. మాప్ కర్రకి రెండు పాల గ్యాలన్లు తగిలించి, భుజాన వేసుకుని వంటింట్లో అటూ ఇటూ నడిచి చూపించాను. మా ఆవిడ చూసిన చూపు గురించి రాయను. అమ్మాయి పడీపడీ నవ్వి, వీడియో తీసి, చెప్పులేసుకుని తనే పెరట్లోకి వెళ్లింది.

నేనూ వెంట వెళ్లానని రాస్తే బాగుండేది. అప్పుడే ఫోను మోగింది. ఆ చుక్కలు నడి ఆకాశం దాటి పడమటికి వాలగానే మౌంటు టెలిస్కోపుని రెండో పక్కకి తిప్పుకోవాలి, దాన్నే మెరిడియన్ ఫ్లిప్ అంటారు, అది సరిగ్గా అయిందో లేదో చూసుకుంటూ, భుజాన మాప్ కర్రతో, లోపలే ఉండిపోయాను.