మద్ది, తాని, కరక, చిరుమాను: నారు పెంపకం, మూడో ఏడు

ఈ ఏడు లెక్క ముందు రాసేస్తాను. తాని 20 వేస్తే 14 మొలిచాయి. తెల్లమద్ది 30కి 17, నల్లమద్ది 30కి 11, కరక 25కి 4. చిరుమాను రెండు గుప్పిళ్లు చల్లితే రెండే మొలకలు. ఆ రెండూ కనిపించిన రోజు మా ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

కరక దగ్గర మొదటి ఏడాదంతా పోయింది. పచారీ కొట్టులో కొన్న కరక్కాయలు వేశాను, ఒక్కటీ లేవలేదు. ఇప్పుడు చెట్టు కింద రాలినవే, రైతును అడిగి, పొలం గట్టు నుంచి తెచ్చుకుంటున్నాను. కండ తీసేసి, టెంక వెడల్పు కొసను ఆకురాయితో కొద్దిగా అరగదీసి, 36 గంటలు చన్నీళ్లలో నానబెట్టాను. ఆ నాలుగూ అలా వచ్చినవే. లోపలి పప్పుకు దెబ్బ తగిలితే మాత్రం కుళ్లిపోతుంది. తాని పప్పు ఉడతలకు మహా ఇష్టం, నారు కవర్ల మీద ఇనుప జాలీ కప్పక తప్పలేదు.

నా పట్టుదల అంతా ఒక్క ప్రశ్న మీద: కాయ చూసి బంధుత్వం చెప్పవచ్చా? రెండు మద్దుల కాయలకూ అయిదేసి రెక్కలుంటాయి. ఎండిన కాయను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, నల్లమద్ది రెక్క మీద సన్నగీతలు నడిమి నుంచి అంచుకు అడ్డంగా తిన్నగా వెళ్తాయి. తెల్లమద్దిలో పైకి వంగుతాయి. బెరడు లేకుండా, ఆకు లేకుండా, కాయ ఒక్కటే చేతిలో ఉంటే ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు దొరకలేదు. తాని కాయకు రెక్కల్లేవు, మఖమల్ లాంటి నూగు ఉంటుంది. కరక నున్నగా ఉండి ఎండాక అయిదు పలకలు తేలుతుంది.

సామర్లకోటలో ఉండి మన తీరం మొక్కల్ని పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ ఈ అయిదు రెక్కలు చూసే మద్దులకు పెంటాప్టెరా అని వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు. ఆ పేరుకు అర్థమే అయిదు రెక్కలది అని. 1834లో వైట్, ఆర్నాట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు వాటిని టెర్మినాలియా ప్రజాతిలోకి, అంటే తాని, కరకల పక్కకు, తెచ్చారు. ఆ మార్పు ఎందుకు సబబో నాకు గింజ కోశాకే తెలిసింది. నానిన గింజను అడ్డంగా కోస్తే బీజదళాలు రెండూ చాప చుట్టినట్టు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉన్నాయి. మద్దులు, తాని, కరక, అన్నింటిలో అదే చుట్ట. మామిడి బీజదళాల్ని టెంకలోనే ఉంచేసి కాడను పైకి పంపుతుంది. చింత రెండు దళసరి బద్దల్ని మోసుకొస్తుంది. వీటిలో మాత్రం ఆ చుట్ట నేల పైకి వచ్చి విప్పుకుని, పొడవు కంటే వెడల్పు ఎక్కువున్న రెండు పచ్చటి ఆకులవుతుంది. ఆ విప్పుకోవడం చూడాలని నాలుగు రోజులు తెల్లారకముందే లేచాను.

త్రిఫలాల్లో తాని, కరక ఇలా ఒక గూటివే. మూడోదైన ఉసిరిది అసలు వేరే కుటుంబం.

చిరుమాను సంగతి ఇంకా బాగుంది. దాని కాయలు చిట్టివి, రెండు రెక్కలు, ముక్కు లాంటి కొస, గుండ్రటి బంతిలా కుదురుకుని ఉంటాయి. చూపుకు మద్దితో ఏ పోలికా లేదు. ఎక్కువ కాయలు డొల్లవే, భూతద్దం కింద పదింటిని కోస్తే ఒకదానిలో గింజ. ఆ గింజలోనూ చుట్టే! చిరుమాను ఉన్న అనోజీసస్ ప్రజాతిని 2017లో టెర్మినాలియాలో కలిపేశారు. కాయ రెక్క జాతిని పట్టిస్తుంది, ప్రజాతికి మాత్రం గింజ లోపలే చూడాలి. నా కవర్ల ముందు కూర్చుని నేను తేల్చుకున్నది ఇది.

బీజదళాల దశలో నా కవర్లలో రెండు మద్దులూ ఒక్కలాగే కనిపించాయి. అప్పుడు పేరే ఆధారం, కిందటేడు మార్కరుతో రాసినవి వానకు చెరిగిపోయి పద్దెనిమిది మొక్కలు ఏవేవో తెలియకుండా పోయాయి. ఈసారి అల్యూమినియం రేకు ముక్కల మీద మేకుతో గీకి, తేదీతో సహా కవరులో గుచ్చాను. వచ్చే మాఘంలో నాటుబాదం కాయలు వేస్తాను, అదీ టెర్మినాలియానే. కవర్లు పెద్దవి కావాలి, 25 తెచ్చి పెట్టాను.