మూడు లాట్ల మిర్చి 58 రూపాయలు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బాబాయిది చిన్న కమీషన్ కొట్టు. రోజువారీ లెక్కలు కూడుకోవడానికి ఫోన్‌లో ఒక పేజీ చేసిపెట్టమంటే, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, వెబ్ పేజీలకి వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో గబగబా రాసిచ్చేశాను. మూడు బాక్సులు, కింద మొత్తం, అంతే. సోమవారం పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, మూడు లాట్లూ కలిపి 58 రూపాయలంటరా? రైతుకి ఏం చెప్పమంటావు?"

ఆయన కొట్టినవి 1,25,000, 48,500, 9,200. రావాల్సింది 1,82,700.

సంగతేంటంటే, బాక్సులో కొట్టింది మన కంటికి అంకే అయినా ప్రోగ్రామ్ చేతికొచ్చేది ఎప్పుడూ టెక్స్టే. 5కి 3 కూడమంటే రెండూ పక్కపక్కన అతికించి 53 అంటుంది, అదే తీసెయ్యమంటే మాత్రం బుద్ధిగా 2 అంటుంది. ఇది తెలుసు కాబట్టే ప్రతి బాక్సుకీ, టెక్స్ట్‌ని అంకెగా మార్చే పార్స్‌ఇంట్ అనే ఫంక్షన్ తగిలించాను. పార్స్‌ఇంట్ ఎడమ నుంచి చదువుకుంటూ పోయి, అంకె కానిది ఎదురవగానే ఆగిపోయి, అప్పటిదాకా చదివినదాన్నే జవాబుగా ఇచ్చేస్తుంది. కామా దాని లెక్కలో అంకె కాదు. లక్షా పాతికవేలు 1 అయింది, నలభై ఎనిమిదిన్నర వేలు 48, తొమ్మిది వేల రెండొందలు 9. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, తప్పు జరిగినా కిక్కురుమనదు.

సరే, కామాలు తీసేద్దామని, టెక్స్ట్‌లో ఒకదాని బదులు ఇంకోటి పెట్టే రీప్లేస్ పెట్టాను. 48,500 పెట్టి చూశాను, బానే వచ్చింది, పంపించేశాను. సాయంత్రానికి మళ్లీ ఫోన్, ఈసారి లక్షా పాతికవేలు కాస్తా 125 అయింది. రీప్లేస్‌కి కామాని మామూలు టెక్స్ట్‌గా ఇస్తే మొదటి కామా ఒక్కటే తీసి ఊరుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. అంటే లక్షలోపు లెక్కలన్నీ కరెక్టు, లక్ష దాటితే గల్లంతు! అమెరికాలో కూర్చుని టెస్ట్ చేసేవాడికి ఇది పది లక్షల దాకా బయటపడదు, మనకి లక్షకే రెండో కామా వస్తుంది కదా. అన్నిటినీ ఒకేసారి తీసే రీప్లేస్‌ఆల్ 2021 నుంచి భాషలోనే ఉంది, నేనే పాత అలవాటు మానలేదు.

తర్వాత నేను కాస్త తెలివి మీరి, అంకెలూ చుక్కా తప్ప మిగతావన్నీ పీకి పారేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఏ అక్షరాలు వెతకాలో చెప్పే నమూనా) ఒకటి రాశాను. ఇక అక్షరాలొచ్చినా భయం లేదనుకున్నా. కొట్లో గుమాస్తా గారు ముప్పై ఏళ్లుగా చీటీల మీద రాస్తున్న అలవాటులో "రూ.9,200" అని కొట్టారు. "రూ" పోయింది, కామా పోయింది, రూ పక్కనున్న చుక్క మాత్రం మిగిలింది. చేతికొచ్చింది .9200, చుక్కతో సహా నంబర్‌గా చదివితే 92 పైసలు. చెత్త పీకేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ చూసి పీక్కూడదు, "రూ." మొత్తాన్నీ ఒక ముక్కగా ముందే తీసెయ్యాలి, చివర వచ్చే "/-" ని కూడా అలాగే.

మరి పార్స్‌ఇంట్ మానేసి నంబర్ ఫంక్షన్ వాడొచ్చుగా అంటారు. వాడాను. అది కఠినంగానే ఉంటుంది, ఒక్క పనికిరాని అక్షరం కనబడినా నాన్ అనేస్తుంది, అంటే నాట్ ఎ నంబర్ అని, హోటల్లో నాన్ కాదు. కానీ ఖాళీ టెక్స్ట్ ఇస్తే 0 అంటుంది! కాటా వెయ్యని లాటుకి బరువు బాక్సు ఖాళీగా వదిలేస్తే సున్నా కిలోలని లెక్కలో కలిపేసింది. ఈ విషయంలో పార్స్‌ఇంటే నయం, ఖాళీకి అది నాన్ అంటుంది.

ఆ నెలలో అన్నిటికన్నా తల తిప్పింది వాట్సాప్ మెసేజ్. "42 బస్తాలు 1680 కిలోలు రేటు 18500" అని వస్తే అంకెలు ఏరుకుని లెక్క కట్టాలి. ఏరడం తేలికే, మూడు ముక్కలూ వచ్చాయి. జాబితాలో ప్రతి ముక్క మీదా ఒకే పని చేయించే మ్యాప్‌లో వాటిని నేరుగా పార్స్‌ఇంట్‌కి అప్పగిస్తే 42, నాన్, 1 వచ్చాయి. నిజంగా అరగంట బుర్ర పాడైంది. మ్యాప్ ప్రతి ముక్కతోపాటు దాని వరుస సంఖ్యనీ అందిస్తుంది, పార్స్‌ఇంటేమో ఆ రెండోదాన్ని బేస్ అనుకుంటుంది, అంటే ఎన్ని అంకెల పద్ధతిలో చదవాలో చెప్పే సంఖ్య. మొదటిదానికి 0 వెళ్లింది కాబట్టి మామూలుగా పదిలో చదివింది. ఒకటి బేస్ అనేది లేదు కాబట్టి రెండోది నాన్. మూడోదాన్ని 0, 1 మాత్రమే ఉండే బైనరీలో చదవబోయి, 1 తర్వాత 8 కనబడగానే ఆగిపోయింది. క్వింటా మిర్చి రూపాయి.

ఇంకో సంగతి, గుమాస్తా గారి ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంది, ఒకసారి ౪౮ అని కొట్టారు. జావాస్క్రిప్ట్‌కి మన అంకెలు అంకెలే కావు. పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషకి ఇస్తే ౪౮ని చక్కగా 48 అని చదువుకుంటుంది, ఇక్కడ మాత్రం మనమే మార్చుకోవాలి. కష్టమేం కాదు, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో ౦ కోడ్ 3174, ౯ది 3183, మధ్యవన్నీ వరసగా ఉంటాయి. కోడ్‌లోంచి 3174 తీసేస్తే అంకె వచ్చేస్తుంది.

బ్యాంకు ఖాతా నంబర్ల జోలికి మాత్రం పోలేదు, వాటిని టెక్స్ట్‌గానే ఉంచేశాను. ముందున్న సున్నాలు పోవడం ఒక్కటే కాదు సమస్య, 9007199254740991 దాటాక జావాస్క్రిప్ట్ ప్రతి అంకెనీ కచ్చితంగా పట్టుకోలేదు. ఇదే సంఖ్య చివర 991 బదులు 993 పెట్టి ఇస్తే 992 అంటుంది. కూడికా తీసివేతా లేనిదాన్ని నంబర్‌గా మార్చడం దేనికసలు?

ఇప్పుడు వరస ఇది. అటూ ఇటూ ఖాళీలు కోసేసి, "రూ." లాంటివి ముక్కలుగా తీసేసి, తెలుగు అంకెలు మార్చి, కామాలన్నీ తీసి, మిగిలింది ఖాళీగా ఉంటే ఆపి, అంకెలూ ఒకే ఒక చుక్కా తప్ప ఇంకేమున్నా ఆపి, ఆ తర్వాతే నంబర్ ఫంక్షన్‌కి. ఆపినప్పుడు బాక్సు చుట్టూ ఎర్ర గీత వస్తుంది. బాబాయికి ఆ గీతంటే చిరాకు, "నువ్వే సరిచేసుకోవచ్చుగా" అంటాడు. సరిచేసుకోబోయే కదా బాబాయ్ 92 పైసలయ్యింది అన్నాను.

నిన్న గుమాస్తా గారు బస్తాల దగ్గర "42న్నర" అని కొట్టారు. పార్స్‌ఇంట్ అయితే 42 అని అరబస్తా మింగేసేది. ఇప్పటికైతే ఎర్ర గీత వచ్చి ఆగింది, న్నరని ఏం చెయ్యాలో ఈ ఆదివారం చూడాలి.